బొంబాయి-8



ఇన్నాళ్ళూ ఇక్కడ పద్యాల గురించీ, యతిప్రాసల గురించీ రాసి మీ ఓర్పును పరీక్షించాను. ఈసారి గూండాల గురించి రాయబోతున్నాను. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన పంతులుకు గూండాలతో ఏం పని అని మీరడగవచ్చు. అక్కడికే వస్తున్నాను. కాకపోతే కొంత దూరం నాతో నడవవలసి ఉంటుంది.

కిందటి మాఘమాసంలో ముంబయిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. మా ఎచ్చెర్ల తెలియనివారికి ఒక మాట: విశాఖ నుండి శ్రీకాకుళం వెళ్ళే బస్సులో కునుకు తీసేవారు కళ్ళు తెరిచేలోగా వెనక్కు పోయే ఊరు. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాక కొంత పేరు తెలిసింది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో కోణార్క్ ఎక్కి రెండు రాత్రులూ ఒక పగలూ ఓర్చుకుంటే ముంబయి వచ్చేస్తుంది. నాకు అరవై దాటిన తరువాత గాని ఆ ఓర్పు రాలేదు. దానికి కారణం ప్రయాణపు బడలిక మాత్రం కాదు.

వెళ్ళిన మూడోనాడు మా కోడలు, "మామయ్యగారూ, ఆదివారం మీకూ ఆయనకూ ఒక నడక ఏర్పాటు చేశాను" అన్నది. పాత బొంబాయిలో డాన్‌లు తిరిగిన వీధులనూ, వాళ్ళ మీద వచ్చిన సినిమాల తాలూకు చోట్లనూ ఒక గైడు దగ్గరుండి చూపిస్తాడట. పొద్దున్న మూడు గంటలు. తలకు ఎంతని అడిగితే చెప్పలేదు. చెబితే నేను రానని ఆమెకు తెలుసు. నేను మాత్రం ఒకే ప్రశ్న వేశాను.

"అందులో కామాఠిపురా కూడా ఉందా అమ్మా?"

కోడలు మా అబ్బాయి ముఖం చూసింది. వాడు నా ముఖం చూశాడు. "చివరి మజిలీ అదే నాన్నగారూ. మీకు ఇబ్బందిగా ఉంటే అక్కడిదాకా వెళ్ళకుండా వచ్చేద్దాం" అన్నాడు.

ఇబ్బంది లేదన్నాను.

మా తరం ఉత్తరాంధ్ర కుర్రవాళ్ళకు బొంబాయి గూండాలను చూపించినవారు నందమూరి తారక రామారావుగారు. నవ్వకండి. 1973లో హిందీలో వచ్చిన 'జంజీర్' మరుసటి ఏడు మాకు 'నిప్పులాంటి మనిషి' అయింది. 1975 నాటి 'దీవార్' 1976లో 'మగాడు'గా వచ్చింది. 'డాన్' 1979లో 'యుగంధర్' అయింది. అమితాబ్ బచ్చన్ పడ్డ కోపమంతా రామారావుగారే మాకోసం మళ్ళీ పడ్డారు. శ్రీకాకుళంలో నేల టిక్కెట్టు కొని ఈ మూడూ చూశాను. ఆ రోజుల్లో తెలుగు పండిత శిక్షణకు వెళ్ళాలనుకునే కుర్రవాడు 'యుగంధర్' రెండుసార్లు చూశాడంటే పరువు తక్కువ. అందుచేత రెండోసారి చూసిన సంగతి ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాను.

ఆదివారం ఏడున్నరకు క్రాఫర్డ్ మార్కెట్ గడియారపు గోపురం కింద కలుసుకున్నాం. మొత్తం తొమ్మిదిమంది. గైడు పాతికేళ్ళ మరాఠీ యువకుడు, చరిత్రలో ఎమ్మే చేశాడు. చేతిలో ఒక పలక లాంటి ఫోను. ఏ సందు దగ్గర ఆగితే ఆ సందుకు సంబంధించిన సినిమా బొమ్మ అందులో చూపిస్తాడు. ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడాడు. నేను దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షల హిందీలో ప్రశ్నలడిగితే అతడు ఎంతో గౌరవంతో నవ్వు ఆపుకున్నాడు.

క్రాఫర్డ్ మార్కెట్ 1869లో పూర్తయిందనీ, లోపలి ఫౌంటెను మీది శిల్పాలను రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి రూపొందించాడనీ, ఇప్పుడు ఆ మార్కెట్టుకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు పెట్టారనీ గబగబా చెప్పి, అసలు విషయానికి వచ్చాడు: హాజీ మస్తాన్. తమిళనాడులోని రామనాథపురం ప్రాంతం నుండి చిన్నతనంలోనే తండ్రి వెంట వచ్చాడు. సైకిళ్ళు బాగుచేశాడు. 1944 ప్రాంతంలో రేవులో కూలీగా చేరాడు. ఆ రేవులోనే దొంగ బంగారపు దారి తెలుసుకున్నాడు. తెల్ల దుస్తులూ, తెల్ల బెంజి కారూ. 'దీవార్' కథానాయకునికి ఛాయామాత్రంగా ఆధారం అతడేనంటారు. తరువాత కరీం లాలా. అఫ్ఘనిస్తాను నుండి వచ్చిన పఠాను. అతడూ మొదట రేవు పనివాడే. 'జంజీర్'లోని షేర్ ఖాన్ పాత్రలో అతడి పోలికలున్నాయంటారు. మూడోవాడు వరదరాజన్ ముదలియార్. వీటీ స్టేషనులో మూటలు మోసిన కూలీ. మణిరత్నం 1987లో తీసిన 'నాయకన్'కు ప్రేరణ. మనకది 'నాయకుడు'గా వచ్చింది.

ముగ్గురూ కూలీలే. ముగ్గురూ మూట దించి పారేసిన తరువాతే కథలోకి వచ్చారు. నేనింకా ఆ మాటే ఆలోచిస్తుండగా గుంపు మహమ్మదలీ రోడ్డు దాటి ముందుకు సాగిపోయింది.

మినారా మసీదు ప్రాంతంలో రొట్టెల వాసన, అత్తరు వాసన కలిసి ఒక చిత్రమైన ఆకలి వేసింది. పాక్‌మోడియా వీధి దగ్గర గైడు గొంతు తగ్గించాడు. దావూద్ ఇబ్రహీం అక్కడ పెరిగాడు. తండ్రి పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు. ఆ మాట చెప్పగానే గుంపులో నిట్టూర్పు వినబడింది. కథలో అంతటి వైపరీత్యం మన ప్రబంధకవులు కూడా కల్పించలేరు. తరువాత 1993 మార్చి 12 గురించి చెప్పాడు. ఆ ఒక్క మధ్యాహ్నపు వరుస పేలుళ్ళలో 257 మంది పోయారు. అతడు ఆ అంకె చెప్పి ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగిన క్షణంలోనే మాలో ఒక యువజంట వీధి పేరున్న పలక ముందు నిలబడి ఫోటో తీసుకున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టను. టిక్కెట్టు కొని నిలబడ్డవాణ్ణి నేను కూడా.

జేజే ఆస్పత్రి గోడ పక్కన 1992 సెప్టెంబరు 12న లోపల జరిగిన కాల్పుల సంగతి చెప్పాడు. ఆ తరువాత 'సత్య' గురించి. 1998లో వచ్చిన ఆ చిత్రంతో హిందీ సినిమాలో గూండా మారిపోయాడన్నాడు. తెల్ల బెంజి కారు పోయి, ఇరుకు గదిలో ఉక్కబోతకు చెమటలు కక్కే మనిషి వచ్చాడట. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ తెలుగువాడనీ, బెజవాడలో ఇంజనీరింగు చదివాడనీ, ఆ ఊరి కళాశాల రౌడీల నుండి 1989లో 'శివ' పుట్టిందనీ, కథానాయకుడు చక్రవర్తి కూడా మావాడేననీ నేను అందించాను. అంత సినిమా పరిజ్ఞానం నాలో ఉందని తెలిసి మా అబ్బాయి తెల్లబోయాడు. నాకొక సంగతి ఎప్పుడూ వింతగా ఉంటుంది. ఆ సత్య బొంబాయిలో రైలు దిగుతాడు గాని, ఏ ఊరి నుండి వచ్చాడో సినిమా చివరిదాకా చెప్పదు. అతడికి ఉత్తరం రాసేవాళ్ళు లేరు. అతడు రాయవలసినవాళ్ళూ లేరు.

ఇక్కడ గైడు మమ్మల్ని ఒక ఇరానీ హోటల్లో చాయ్ కోసం ఆపాడు. నేనూ ఆగుతాను. ముందుకు వెళ్ళేముందు మీకొక మనిషిని పరిచయం చేయాలి.

మా చిన్నాన్న పేరు అప్పన్న. సింహాచలం దేవుడి పేరు. మా వైపు ఇంటికొక అప్పన్న ఉంటాడు. మా తాతగారి ఇంట్లో ఇద్దరికి సరిపడే భూమి లేదు. నాన్నగారు ఊళ్ళో మిగిలారు. చిన్నాన్న కొన్నాళ్ళు ఒక మోతుబరి దగ్గర కంబారిగా ఉండి, పద్దెనిమిదో ఏట నాగార్జునసాగర్ పనులకు పోయాడు. అక్కడ పాలమూరు మేస్త్రీల జట్టులో చేరాడు. డ్యాము పని తగ్గాక ఆ జట్టుతోనే బొంబాయి వెళ్ళాడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఏడాదికి నాలుగైదు కార్డులు వచ్చేవి. సముద్రంలో మట్టి పోసి దాని మీద మేడలు కడుతున్నామని ఒకసారి రాశాడు. నాకు గాని, నాన్నగారికి గాని నమ్మకం కలగలేదు. నారిమన్ పాయింటు సంగతి మాకేం తెలుసు? ప్రతి కార్డుకూ కుడిపక్కన, తెలుగులో, గుండ్రని ముద్దక్షరాల్లో చిరునామా. చివర "కామాటిపురా, బొంబాయి 8." పిన్‌కోడు వచ్చిన తరువాత 400008 అని రాయమన్నా ఆయన ఎనిమిదితోనే సరిపెట్టేవాడు.

నాన్నగారు జవాబు చెబితే నేను రాసేవాణ్ణి. పై చిరునామా ఇంగ్లీషులో రాసే పని మా చెల్లెలిది. దాని దస్తూరీ బాగుండేది.

ఇక 1982. నేను పండిత శిక్షణ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరాను. చెల్లెలికి సంబంధం కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. చిన్నాన్నకు కబురు పంపితే సంబరపడి వెంటనే కార్డు రాశాడు. మిల్లుల సమ్మె జరుగుతోందనీ, తన గదిలో ఉన్న మిల్లు పనివాళ్ళు ఊరికే కూర్చున్నారనీ, తన పనికి మాత్రం లోటు లేదనీ, వారం ముందే వచ్చి పందిరి తానే వేస్తాననీ రాశాడు. ఆ కార్డు వచ్చేనాటికి వియ్యాలవారి తరఫు పెద్దమనిషి ఒకాయన మా అరుగు మీద ఉన్నాడు. పోస్టుమాను కార్డు ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన తిరగేసి చూసి, "కామాటిపురానా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఒక్క నవ్వు నవ్వాడు. ఆయన కూడా మా సినిమాలే చూసినవాడు. ఆ పేటకు ఉన్న పేరు రెండే విధాలు: ఆడవాళ్ళను అమ్మేచోటు, కత్తులు దూసే చోటు.

నాన్నగారు "రమ్మని రాయి" అన్నారు. నేను రాయలేదు. ప్రయాణపు శ్రమ పడి రానవసరం లేదనీ, ఆశీస్సులు అక్కడినుండే అందజేయవచ్చుననీ, ఇకమీదట కార్డుల మీద ఆ పేట పేరు రాయకుండా ఉంటే కన్యాదాత గౌరవానికి భంగం లేకుండా ఉంటుందనీ రాశాను. భాష నిర్దుష్టంగా ఉంది. అరసున్నలు కూడా పెట్టవలసిన చోటల్లా పెట్టాను.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు నూటపదహారు రూపాయల మనియార్డరు వచ్చింది. పంపినవారి గడిలో "అప్పన్న, బొంబాయి" అని మాత్రమే ఉంది. కింద నాలుగు మాటలు రాసుకోవడానికి జాగా ఉంటుందే, అక్కడ ఎప్పుడూ రెండు వాక్యాలైనా ఉండేవి. అది ఖాళీగా ఉంది. పెళ్ళిలో చిన్నాన్న ఏడని చెల్లెలు అడిగితే సెలవు దొరకలేదన్నాను. కూలికి సెలవేమిటని ఎవరూ అడగలేదు. ఆ తరువాత కార్డులు రాలేదు. 1987 వానాకాలంలో ఒక పాలమూరు మేస్త్రీ రాసిన ఉత్తరం వచ్చింది, అప్పన్న కాలం చేశాడని.

చాయ్ అయింది. నడుద్దాం.

నాగ్‌పాడా మీదుగా కామాఠిపురాకు చేరేసరికి ఎండ ఎక్కింది. వీధులకు పేర్లు లేవు, అంకెలే. ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా పధ్నాలుగు దాకా. నేను ఊహించుకున్న చీకటి లేదు. ఇనుప సామాను కొట్లు, జరీపని కార్ఖానాలు, సంచులు కుట్టే మిషన్ల చప్పుడు, బడి సంచితో పరుగెత్తే పిల్లలు, కొళాయి దగ్గర బిందెలు. గైడు చెప్పగా తెలిసింది, ఒళ్ళమ్ముకుని బతికే స్త్రీలు ఇప్పుడు కొన్ని గల్లీల్లోనే మిగిలారట. మమ్మల్నెవరినీ ఫోటోలు తీయవద్దన్నాడు. ఆ విషయంలో అతడు చాలా కచ్చితంగా ఉన్నాడు. నాకతడంటే గౌరవం కలిగింది.

ఒక మలుపులో ఆగి గంగూబాయి కథ మొదలుపెట్టాడు. హుస్సేన్ జైదీ, జేన్ బోర్జెస్ 2011 నాటి పుస్తకంలో రాసిన కథ, సంజయ్ లీలా భన్సాలీ 2022లో తీసిన సినిమా. కరీం లాలాను ఆమె అన్నగా చేసుకున్న ఘట్టం. "సినిమాలో మీరు చూసిన కామాఠిపురా ఇది కాదు సుమా, గోరేగావ్ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టు" అని నవ్వాడు. 1988 నాటి 'సలాం బాంబే' మాత్రం ఈ చుట్టుపక్కలే తీశారట.

ఆ మాటకొస్తే సినిమా తాకితే ఊరు ఏమవుతుందో మా మండలానికీ ఈమధ్య తెలిసింది. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పనికి పోయి, 2018 నవంబరులో సరిహద్దు దాటి పాకిస్తాను చెరలో పడి, 2020 జనవరిలో తిరిగివచ్చిన మత్స్యకారుల్లో మా డి. మత్స్యలేశం వాళ్ళున్నారు. ఆ ఉదంతం మీద 2025 ఫిబ్రవరిలో 'తండేల్' వచ్చాక మత్స్యలేశం అనే మాట రాష్ట్రమంతటికీ తెలిసింది. అది గర్వంగా చెప్పుకునే పేరయింది. ఏ ఊరికి ఏ సినిమా రాసిపెట్టి ఉంటుందో!

గంగూబాయి సినిమా విడుదలకు ముందు కామాఠిపురా నివాసులు అందులో తమ పేట పేరు మార్చాలంటూ బొంబాయి హైకోర్టుకు వెళ్ళారనీ, 2022 ఫిబ్రవరిలో కోర్టు ఆ అర్జీలను కొట్టివేసిందనీ గైడు చెప్పాడు. "ఈ పేరు చెబితే పిల్లలకు సంబంధాలు రావు, ఉద్యోగాలు రావు అన్నది వాళ్ళ బాధ" అన్నాడు. నేను పక్కనున్న గోడకు చేయి ఆనించాను. నలభయ్యేళ్ళ కిందట ఇదే అర్జీ నేను పదిహేను పైసల కార్డు మీద దాఖలు చేశాను. నా కోర్టులో అది వెంటనే నెగ్గింది.

"ఇంతకీ ఈ పేరు ఎలా వచ్చింది?" అని ఒకావిడ అడిగింది. "కామాఠీలని, ఇళ్ళు కట్టే కూలీలు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు" అని గైడు ఒక్క వాక్యంలో ముగించి కదలబోయాడు.

"వాళ్ళు తెలుగువాళ్ళు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. అందరూ ఆగారు.

ముప్పయ్యేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? పాఠం మొదలుపెట్టాను. కమతం అంటే మా భాషలో సేద్యం, సాగుభూమి. సర్కారు లెక్కల్లో ఇప్పటికీ చిన్న కమతాలు, సన్నకారు కమతాలు అంటారు. కమతగాడంటే కమతంలో పనిచేసే పాలేరు. మా శ్రీకాకుళంలో కంబారి అంటాం. కామాఠీ ఆ కుదుటి నుండే వచ్చిందని కొందరంటారు. 'కామ్' అన్న హిందీ మాట నుండి వచ్చిందని మరికొందరంటారు. అదీ సంస్కృతపు కర్మలోనిదే గనుక ఎటు తిరిగినా మాటకు అర్థం పని. 1780లలో సముద్రానికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి ఈ పల్లపు నేలను ఆరబెట్టిన తరువాత ఇక్కడ గుడిసెలు వేసుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ శ్రామికుల నుండే తరువాత కాంట్రాక్టర్లు వచ్చారు. 1873లో పూణేలో ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువాళ్ళున్నారు. "మీరు పొద్దున్న మమ్మల్ని ఏ పేరున్న మార్కెట్టు దగ్గర నిలబెట్టారో ఆ ఫూలేనే" అన్నాను గైడుతో.

అతడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కమతం అన్న మాట రాసిమ్మన్నాడు. తెలుగులో రాసి, కింద నాగరిలో రాశాను. "వచ్చే ఆదివారం నుండి చెబుతాను. రెండు నిమిషాలు పట్టవచ్చునా?" అన్నాడు. ఒకటి చాలునన్నాను. పక్కన హాజీ మస్తాన్‌కు ఇరవై నిమిషాలు ఇచ్చిన మనిషి కదా, బేరమాడి ఉండవలసింది.

నా మాటలు విని ఎదుటి మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. తల మీద తువ్వాలు.

"సారుది ఏ ఊరు?"

"శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల."

"అదెక్కడ? బెజవాడ అవతలనా?"

"ఇంకా చాలా అవతల."

"మాది మక్తల్ దిక్కు. మా తాత వచ్చిండు. నేనీడనే పుట్టిన" అన్నాడు. ఆయన మాటలో పాలమూరుంది, మధ్యమధ్య మరాఠీ తొంగిచూసింది. ఒక్కొక్క గదిలో ఇరవైమంది వంతులవారీగా పడుకునేవారట. పగటి జట్టు లేస్తే రాత్రి జట్టు నడుం వాల్చేది. కార్పొరేషను వారి తెలుగు బడిలో ఐదు దాకా చదువుకున్నాడట. ఈ ఇళ్ళన్నీ పడగొట్టి కొత్తవి కట్టే ప్రణాళిక ఉందనీ, అది ఎప్పుడు జరుగుతుందో చూడాలనీ అన్నాడు. చివరికి నేను అడగవలసింది అడిగాను. అప్పన్న అని మా చిన్నాన్న. 1967 నుండి 87 దాకా ఇక్కడే ఉన్నాడు.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అప్పన్న... మా దిక్కు ఆ పేరు ఉండదు సారూ. ఉంటె యాదికి ఉండేది. ఏ గల్లి?"

"ఏడో గల్లీ అనుకుంటాను."

"నంబరు?"

నాకు గుర్తులేదు. ఆ నంబరు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. వచ్చేముందు వారిని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

"నంబరు లేకుంటె ఎట్ల సారూ?" అన్నాడాయన, నొచ్చుకుంటూ. మళ్ళీ తానే, "మా బిడ్డకు సంబంధం చూసేటప్పుడు మేము నాగ్‌పాడా అని రాసినం అడ్రసు. గది ఈడనే, కాగితం మీద ఆడ" అని నవ్వాడు. మా అబ్బాయి ఆయన మాట నాకంటే ముందే అర్థం చేసుకున్నట్టు, నా వైపు చూశాడు. వాడికేమీ చెప్పలేదు ఇంతవరకూ.

ఏడో గల్లీ చివరిదాకా నేనొక్కణ్ణే నడిచివచ్చాను. ఏ కిటికీ అయినా ఆయనది కావచ్చు. గుంపు నాకోసం ఎండలో నిలబడి ఉంది.

ఇదంతా రాసి మీ ముందు పెట్టడానికి ముందు నేనొక పని చేయవలసి వచ్చింది. మా మేనకోడలు ఇక్కడి రాతలు చదువుతుంది. చదివి తల్లికి వినిపిస్తుంది. అందుచేత ఊరికి వచ్చాక నిన్న సాయంత్రం చెల్లెలికి ఫోను చేశాను. కార్డు సంగతి మొత్తం చెప్పాను. ఏ మాట ఎలా రాశానో కూడా. అటువైపు టీవీ చప్పుడు ఆగింది.

"సెలవు దొరకలేదని సెప్పినావు గదా అన్నియ్యా."

"చెప్పాను."

కొంతసేపు ఏమీ అనలేదు. కోపమో ఏడుపో వస్తుందనుకున్నాను.

"సిన్నాన్న ఉన్న ఇల్లు సూసొచ్చావా?"

"ఏడో గల్లీ అంతా తిరిగాను. నెంబరు తెలియక..."

"ఏడు కాదు, తొమ్మిదో గల్లీ" అన్నది. "ఎన్ని కార్డుల మీద రాసినానూ! రూమ్ నెంబర్ పదకొండు, ఎనభైయారు బిల్డింగు, నైన్త్ లేన్, కామాటిపురా, బోంబే ఎయిట్. కాగితం తీసుకోని రాసుకో."

కాగితం తీసుకుని రాసుకున్నాను. స్పెల్లింగులతో సహా రెండోసారి చెప్పించింది.